బోరు నీళ్లు, రేడియేటర్, మే నెల ఎండ: పాత బండి ఎందుకు హీటెక్కుతుంది

ఏప్రిల్ వచ్చిందంటే చిట్యాల దాటి నార్కట్‌పల్లి వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కనీసం ఒక్క బండైనా బానెట్ ఎత్తి కనిపిస్తుంది. లోపలి నుంచి తెల్లటి ఆవిరి లేస్తుంటుంది. చేతిలో నీళ్ల సీసాతో ఒక మనిషి, చెట్టు నీడన పిల్లలు. నంబర్ ప్లేటు చూస్తే చాలాసార్లు ఏపీ 24 అనో ఏపీ 22 అనో ఉంటుంది. మొదటిది ఉమ్మడి నల్లగొండ నంబరు, రెండోది ఉమ్మడి మహబూబ్‌నగర్‌ది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడక ముందు రిజిస్టరైన బండ్లవి. అంటే వాటిలో ఎంత కొత్త బండైనా పదేళ్లు దాటినదే.

1994లో వచ్చిన సుమో, 2000లో వచ్చిన బొలెరో, క్వాలిస్, 2002లో వచ్చిన స్కార్పియో మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. క్వాలిస్ తయారీ ఆగిపోయి ఎన్నో ఏళ్లయినా దాన్ని అమ్మడానికి మనసొప్పని ఇళ్లున్నాయి. మా ఇంట్లోనూ ఒక పాత డీజిల్ బండి ఉంది. చిన్న పనులు ఇంటి ముందే చేసుకుంటాం, పెద్దవాటికి షెడ్డుకు తీసుకుపోతాం. ఆయిల్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం లాంటి వాటి గురించి ఎవరిని అడిగినా ఒకే మాట చెప్తారు. బండి హీటెక్కడం గురించి అడిగితే మాత్రం పది మంది పది రకాలుగా చెప్తారు. కూలెంట్ పొయ్యమని ఒకరు, నీళ్లే మేలని ఒకరు, థర్మోస్టాట్ వాల్వ్ తీసేయమని ఇంకొకరు, అంతా ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనని మరొకరు. ఇందులో ప్రతి మాటలోనూ కొంత నిజముంది. ఎంత నిజం, ఎక్కడి వరకు నిజం అన్నదే తేల్చుకోవాల్సింది.

ముందుగా కాగితాల టెన్షన్ ఒకటి పక్కన పెడదాం. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. డీజిల్ బండికి పదేళ్లే ఆయుష్షు అన్న మాట 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం గురించి ఇచ్చిన ఉత్తర్వు నుంచి పుట్టింది. అది నల్లగొండకు వర్తించదు.

ఇరవై గీజర్ల వేడి

ఇంజన్‌లో కాలిన డీజిల్ శక్తిలో సుమారు మూడో వంతు చక్రాలకు పోతుంది. ఇంకో మూడో వంతు పొగతో పాటు సైలెన్సర్ దారిన బయటికి పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇంజన్ ఇనుములోకి ఎక్కుతుంది. దాన్ని బయటికి లాగేసేదే రేడియేటర్ వ్యవస్థ.

అంకెల్లో చూద్దాం. రెండున్నర లీటర్ల పాత డీజిల్ ఇంజన్ గట్టిగా లాగుతున్నప్పుడు 45 కిలోవాట్ల శక్తి, అంటే సుమారు 60 హార్స్‌పవర్ ఇస్తోందనుకుందాం. దాదాపు అంతే వేడిని రేడియేటర్ బయట పారేయాలి. మన స్నానాల గదిలో గీజరు 2 కిలోవాట్లది. ఆ లెక్కన ఇరవైకి పైగా గీజర్లు ఒకేసారి వేసినంత వేడిని పది లీటర్ల నీళ్లు మోస్తున్నాయి. రేడియేటర్ పూర్తిగా ఆగిపోయి ఆ వేడంతా నీళ్లకే ఎక్కితే సెకనుకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. ఇంజన్ ఇనుము కూడా కొంత వేడిని పీల్చుకుంటుంది కాబట్టి నిజంగా అంత వేగం ఉండదు, అయినా నిమిషాల లెక్కే. ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటాక 'ఇంకో రెండు కిలోమీటర్లే కదా, పోనిద్దాం' అనుకున్నవాళ్ల ఇంజన్లు ఎందుకు పోతాయో ఇక్కడ అర్థమవుతుంది.

నీళ్లు తిరిగే దారి ఇలా ఉంటుంది. మన మెకానిక్‌లు వాటర్ బాడీ అని పిలిచే పంపు నీళ్లను ఇంజన్‌లోకి తోస్తుంది. అవి ఇంజన్ మొండెమైన బ్లాకు, దాని పైన బిగించే హెడ్డు గుండా తిరిగి వేడెక్కుతాయి. థర్మోస్టాట్ అనే చిన్న వాల్వ్ తెరుచుకున్నాక పై హోస్ పైపు గుండా రేడియేటర్‌లోకి వచ్చి, సన్నటి గొట్టాల్లో దిగుతూ చల్లబడి, కింది పైపు గుండా మళ్లీ పంపుకు చేరతాయి. గొట్టాల మధ్య గాలి లాగడానికి ఫ్యాన్. పైన మూత, పక్కన ఎక్కువైన నీళ్లు పట్టే డబ్బా. ఇంతే సామాను.

జనవరిలో బాగున్న బండి మేలో ఎందుకు మొరాయిస్తుంది

వేడి ఎప్పుడూ వేడిగా ఉన్నచోటు నుంచి చల్లగా ఉన్నచోటుకు పోతుంది. రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే అంత త్వరగా పోతుంది. రేడియేటర్‌లో నీళ్లు 90 డిగ్రీలు, బయట గాలి 30 డిగ్రీలు ఉంటే తేడా 60. మే నెలలో మన దగ్గర గాలి 45కు చేరితే తేడా కూడా 45కు పడిపోతుంది. అంటే అదే రేడియేటర్ శక్తిలో నాలుగో వంతు పోయినట్టే. తారు రోడ్డు మీద గాలి ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి నష్టం అంతకంటే ఎక్కువే.

ఈ లెక్క నుంచి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. మీ రేడియేటర్ గొట్టాల్లో నాలుగో వంతు ఇప్పటికే పూడుకుపోయి ఉన్నా జనవరిలో ఆ సంగతి బయటపడదు. చల్లటి గాలి ఆ లోటును కప్పేస్తుంది. మేలో మాత్రం రెండు లోట్లూ కలిసి వస్తాయి. అందుకే 'మొన్నటిదాకా బాగుంది, సడెన్‌గా పాడైంది' అన్న మాట చాలాసార్లు నిజం కాదు. పాడవడం మూడు నాలుగేళ్లుగా జరుగుతూ ఉంటుంది, ఎండ దాన్ని బయటపెడుతుంది.

మూత చేసే పని

మూత అంటే నీళ్లు ఒలకకుండా పెట్టినది అనుకుంటాం. అది చేసే అసలు పని ప్రెషర్ కుక్కర్ విజిల్ లాంటిది. సముద్రమట్టం దగ్గర నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ ఒకటిన్నర డిగ్రీ ముందే మరుగుతాయి. 0.9 బార్ (అది ఆపగల ఒత్తిడి) అని రాసి ఉన్న మంచి మూత బిగిస్తే అదే నీళ్లు 118 డిగ్రీల దగ్గర దాకా మరగవు. మూత రబ్బరు గట్టిపడి ఒత్తిడి ఆపలేకపోతే ఆ 18 డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. బండిలో ఇంకే లోపం లేకపోయినా అది ఘాట్ మీద పొంగుతుంది.

మూతలో రెండో వాల్వ్ కూడా ఉంటుంది. బండి చల్లారేటప్పుడు లోపలి నీళ్లు కుంచించుకుంటాయి, అప్పుడు ఆ వాల్వ్ తెరుచుకుని పక్క డబ్బాలోని నీళ్లను వెనక్కి లాగుతుంది. అది పట్టేస్తే తెల్లారేసరికి హోస్ పైపు చప్పిడిగా నొక్కుకుపోయి కనిపిస్తుంది. పైపు పోయిందనుకుని మార్చేస్తారు, కొత్త పైపూ నొక్కుకుపోతుంది.

వేడి మీద మూత తీయడం ఎందుకు ప్రమాదమో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. లోపల 110 డిగ్రీల నీళ్లు ఒత్తిడి ఉండబట్టే నీళ్లుగా ఉన్నాయి. మూత కదిలించిన క్షణంలో ఒత్తిడి పోతుంది, నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై మిగతా నీళ్లను పైకి చిమ్ముతుంది. గుడ్డ అడ్డం పెట్టినా ముఖం, చేతులు కాలతాయి. అరగంట ఆగి, పై హోస్ పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక తీస్తే ఆ ప్రమాదం ఉండదు.

నీళ్లా, కూలెంటా

నీళ్లు చాలనే వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. వేడిని మోయడంలో మామూలు నీళ్లను మించిన చౌక ద్రవం లేదు. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు నీళ్ల కంటే తక్కువ వేడినే మోస్తుంది. ఇక కూలెంట్ డబ్బా మీద గొప్పగా రాసే 'గడ్డకట్టదు' అన్న గుణం మనకు అవసరమే లేదు. ఎంత చలికాలమైనా నల్లగొండలో రేడియేటర్ గడ్డకట్టదు కదా.

కూలెంట్ కావాలనే వాళ్ల వాదన ఇంకో రెండు గుణాల మీద నిలబడింది. ఒకటి మరిగే వేడి. సగం సగం కలిపిన కూలెంట్ మూత లేకుండానే 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఒత్తిడి మూత ఉంటే 125 దాటుతుంది. రెండోదే అసలు ముఖ్యం, తుప్పు. పాత బండిలో బ్లాకు పోత ఇనుము, హెడ్డు చాలావాటిలో అల్యూమినియం, రేడియేటర్ రాగి, ఇత్తడి, అతుకుల్లో సీసం. ఇన్ని లోహాలు ఒకే నీళ్లలో మునిగి ఉంటే అది బ్యాటరీలాగే పనిచేస్తుంది, ఒక లోహాన్ని ఇంకో లోహం తినేస్తుంది. ఉప్పు నీళ్లైతే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. కూలెంట్‌లో కలిపే మందులు లోహం మీద సన్నటి పొర కట్టి దీన్ని ఆపుతాయి. రేడియేటర్ మూత తీస్తే ఇటుక రంగు నీళ్లు కనిపించాయంటే అది మీ ఇంజన్ బ్లాకు కరిగి వస్తున్న రంగే.

మా నాయన తన బండ్లలో ఎప్పుడూ నీళ్లే పోశారు, ఇంజన్లు బాగానే నడిచాయి. అది కూడా నిజమే. అప్పటి రేడియేటర్లు మందపాటి రాగివి, గొట్టాలు వెడల్పైనవి, రెండేళ్లకోసారి షాపులో పలకలు ఊడదీసి సన్నటి రాడ్డుతో గొట్టాలు తోడేవాళ్లు. తర్వాతి బండ్లలో అల్యూమినియం గొట్టాలకు ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగించి ఇస్తున్నారు. వాటిని అలా విప్పి తోడడం కుదరదు, పూడిపోతే మార్చడమే. నీళ్లతో నెట్టుకొచ్చే పాత అలవాటు ఈ కొత్త రకం రేడియేటర్ మీద ఖరీదైపోతుంది.

రంగు గురించి ఒక్క మాట. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నవి కంపెనీ కలిపిన రంగులే, వాటిని బట్టి రకం చెప్పలేం. పాత తరం మందులు సుమారు రెండేళ్లు పనిచేస్తాయి, ఓఏటీ అనే సేంద్రియ ఆమ్లాల రకం ఐదేళ్ల దాకా వస్తుంది. రెండు రకాలు కలిపితే మందుల బలం తగ్గిపోతుంది, ఒక్కోసారి జిగురులా కూడా మారుతుంది. డబ్బా మీద రకం పేరు, నీళ్లు కలపాలా వద్దా అన్న మాట చదివితేనే అది ఏదో తెలుస్తుంది. ఇంకో సంగతి, ఇది పశువులున్న ఇళ్లకు చాలా ముఖ్యం. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, దూడలు, చిన్న పిల్లలు నోట పెట్టే ప్రమాదముంది. అది మూత్రపిండాలను దెబ్బతీసే విషం. ఇంటి ముందు తొట్టిలో పట్టిన పాత కూలెంట్‌ను అలా వదిలేయకూడదనేది ఇందుకే.

ఫ్లోరైడ్ మీద పడిన నింద

నల్లగొండ పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన వాళ్లం. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు. కాబట్టి రేడియేటర్ పూడిపోతే 'ఫ్లోరైడ్ నీళ్లు పోసినవ్, ఇంకేమైతది' అనడం సహజమే.

కానీ రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా పేరుకునేది ఫ్లోరైడ్ కాదు. అది కాల్షియం కార్బొనేట్, సున్నపు రాయి. గీజరు రాడ్డు మీద, నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే పొర కూడా అదే. ఇంకా చెప్పాలంటే ఫ్లోరైడ్ బాగా ఎక్కువున్న నీళ్లలో కాల్షియం తరచూ తక్కువే ఉంటుంది, ఎందుకంటే రెండూ ఎక్కువగా ఉంటే కలిసి గట్టిపడి నీళ్ల నుంచి విడిపోతాయి. మనిషికి ప్రమాదకరమైన బోరూ బండికి ప్రమాదకరమైన బోరూ ఒకటే కానక్కర్లేదు. బండి విషయంలో చూడాల్సింది నీళ్ల గట్టిదనం. సబ్బు నురగ రాకపోవడం, బకెట్ అంచున తెల్లటి గీత పట్టడం దాని గుర్తులు.

ఎంత పేరుకుంటుందో లెక్క వేద్దాం. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరులో గట్టిదనం 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మన బోరు నీళ్లలో 600 ఉందనుకుందాం. పది లీటర్లు పట్టే రేడియేటర్‌లో ఒక్కసారి నింపితే అందులో ఉన్న సున్నం మొత్తం 6 గ్రాములు. ఒక చెంచాడు. అది పూర్తిగా గోడలకు పట్టినా బండికి పెద్దగా ఏమీ కాదు.

ఇప్పుడు అదే బండి రోజుకు అర లీటరు నీళ్లు తాగుతోందనుకోండి. పొద్దున్నే మూత తీసి అర లీటరు బోరు నీళ్లు కలుపుతాం. ఏడాదికి 182 లీటర్లు. లీటరుకు 0.6 గ్రాముల చొప్పున 109 గ్రాముల సున్నం. కారిపోయే నీళ్లతో కొంత బయటికి పోతుంది, నీళ్లు ఆవిరిగా పోతే మాత్రం సున్నమంతా లోపలే మిగులుతుంది. అందులో సగం పట్టినా 50 గ్రాములు దాటుతుంది. రెండు మిల్లీమీటర్ల సందున్న గొట్టాల్లో అది ఎంత దారి మూసేస్తుందో ఊహించుకోవచ్చు. పైగా సున్నపు పొర వేడిని దాటనివ్వడంలో రాగి కంటే వంద రెట్లకు పైగా బద్ధకం.

ఈ లెక్క వేసుకునే దాకా నేను కూడా తప్పంతా నీళ్లదే అనుకున్నాను. ఒకసారి పోసిన నీళ్లతో బండి పాడైపోదు. రోజూ పోయాల్సి రావడమే అసలు జబ్బు. సీలు వేసినట్టుండే ఈ వ్యవస్థలో నెలల తరబడి నీళ్లు తగ్గకూడదు, తగ్గుతున్నాయంటే ఎక్కడో దారి దొరికింది. ఆ దారి వెతకకుండా నీళ్లు మార్చి ప్రయోజనం తక్కువ.

ఇళ్లలో దొరికే మిగతా నీళ్ల సంగతి కూడా చూద్దాం. ఫిల్టర్ ప్లాంట్ క్యాను నీళ్లలో ఖనిజాలు బాగా తక్కువ, కాబట్టి సున్నం పట్టదు. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ అంతకన్నా శుభ్రం. మిషన్ భగీరథ నీళ్లు శుద్ధి చేసిన నది నీళ్లు, అయినా ఖనిజాలు ఉంటాయి. వీటిలో దేనికీ తుప్పును ఆపే గుణం లేదు. గాఢమైన కూలెంట్‌లో కలపడానికి మొదటి రెండూ సరిపోతాయి.

'వాల్వ్ తీసేసిన అన్నా, ఇగ హీటెక్కది'

మన ప్రాంతంలో పాత బండి కొన్న వాళ్లలో చాలామందికి తెలియకుండానే థర్మోస్టాట్ లేని బండి చేతికి వస్తుంది. ఎప్పుడో ఎవరో మెకానిక్ తీసేసి ఉంటాడు. ఈ వాల్వ్ లోపల మైనం నింపిన చిన్న గొట్టం ఉంటుంది. నీళ్లు 82 నుంచి 88 డిగ్రీల మధ్యకు చేరగానే ఆ మైనం కరిగి ఉబ్బి, వాల్వ్‌ను తెరుస్తుంది. అప్పటిదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఇంజన్‌లోనే తిప్పుతుంది. ఇంజన్ త్వరగా వేడెక్కాలని ఆ ఏర్పాటు.

తీసేసే మెకానిక్ వాదన ఇలా ఉంటుంది. పాత వాల్వ్ మూసుకుపోయి పట్టేస్తే ఇంజన్ మొత్తం పోతుంది. మన ఎండలకు ఇంజన్ ఎలాగూ వేడెక్కుతుంది. కొత్త వాల్వ్ పేరుతో దొరికే నాసిరకం సామాను మీద నమ్మకం లేదు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. రాత్రిపూట అచ్చంపేట రోడ్డు మీద వాల్వ్ పట్టేసి బండి ఆగితే, దాన్ని పీకేసి ఇంటికి చేరడం తెలివైన పని.

అదే శాశ్వత ఏర్పాటుగా ఉంచితే ఏమవుతుందన్నది వేరే సంగతి. బయట ఎంత ఎండైనా 45 డిగ్రీలే, ఇంజన్‌కు కావాల్సింది దాని రెట్టింపు. పొద్దున చిన్న చిన్న దూరాలు తిరిగే బండి ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లోకి తేమ, కాలని డీజిల్ చేరతాయి, లోపలి అరుగుదల పెరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వ్ రెండు పనులు చేస్తుంది. రేడియేటర్ దారి తెరుస్తూనే, నీళ్లు ఇంజన్‌లోనే తిరిగే అడ్డదారిని మూసేస్తుంది. వాల్వ్ తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. చల్లబడాలని తీసిన వాల్వ్ వల్లే బరువు లాగేటప్పుడు బండి ఇంకా హీటెక్కుతుంది.

ఇలాంటి బండిని చూసి కొందరు ఇంకో కారణం చెప్తారు. నీళ్లు మరీ స్పీడుగా తిరుగుతున్నాయని, రేడియేటర్‌లో చల్లారే టైం దొరకడం లేదని. వినడానికి బాగుంటుంది, లెక్కకు నిలవదు. 45 కిలోవాట్ల వేడిని సెకనుకు ఒక లీటరు నీళ్లు మోస్తే ప్రతి చుట్టులో నీళ్లు సుమారు 11 డిగ్రీలు చల్లబడాలి. సెకనుకు రెండు లీటర్లు తిరిగితే ప్రతి చుట్టులో ఐదున్నర డిగ్రీలు చల్లబడితే చాలు, పారేసిన వేడి అంతే. స్పీడు వల్ల నష్టం లేదు. తప్పు నీళ్లు పోయే దారిది.

వాల్వ్ బాగుందో లేదో వంటింట్లోనే తెలిసిపోతుంది. దాని మీద 82 అనో 88 అనో అంకె కొట్టి ఉంటుంది. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ను అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచితే ఆ అంకె దగ్గర మెల్లగా నోరు తెరవడం కంటికి కనిపిస్తుంది. కొత్తగా కొన్న వాల్వ్‌ను బిగించే ముందు ఈ పరీక్ష చేసే మెకానిక్ దొరికితే అతన్ని వదులుకోకూడదు.

ఎక్కడ హీటెక్కిందన్నదే సగం జవాబు

మొదటి బండి. హైవే మీద ఎంత దూరమైనా బాగానే పోతుంది. మిర్యాలగూడలో వడ్ల ట్రాక్టర్ల వెనుక పావుగంట నిలబడితే ముల్లు లేస్తుంది. స్పీడులో ఉన్నప్పుడు గాలి దానంతటదే దూరుతుంది, నిలబడ్డప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కాబట్టి అనుమానం గాలి మీద. చాలా పాత బండ్లలో ఫ్యాన్ మధ్యలో సిలికాన్ నూనె నింపిన క్లచ్ ఉంటుంది. ఆ నూనె కారిపోతే ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది కానీ లాగదు. ఇంకో కారణం మన పంటలు. పత్తి దూది, వరి కోతల దుమ్ము రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కూ (ఏసీ వేడిని వదిలే జాలి) రేడియేటర్‌కూ మధ్య సందులో చాపలా పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే ఏమీ కనపడదు. మా బండిలో ఆ సందు నుంచి దూది పిడికెడు వచ్చింది.

రెండో బండి. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. జడ్చర్ల దాటి కర్నూలు వైపు ఏడుగురితో 100 మీద పోతుంటే హీటెక్కుతుంది. గాలి కావాల్సినంత ఉంది, వేడే ఎక్కువైంది. ఇక్కడ అనుమానం నీళ్ల మీద. గొట్టాలు పూడి ఉండొచ్చు, పంపు రెక్కలు తుప్పుతో అరిగి ఉండొచ్చు. కింది హోస్ పైపు మెత్తబడితే స్పీడులో పంపు లాగే లాగుడుకు అది లోపలికి నొక్కుకుపోతుంది. బండి ఆపి చూసేసరికి మళ్లీ మామూలుగా ఉంటుంది, అందుకే దొరకదు.

మూడో బండి. స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాలకే, ఎక్కడున్నా సరే, హీటెక్కుతుంది. నీళ్లు తక్కువయ్యాయా, వాల్వ్ మూసుకుపోయిందా, పంపు ఆగిందా అన్నవి ముందు ప్రశ్నలు. అవి కాకపోతే హెడ్ గ్యాస్కెట్, అంటే బ్లాకుకూ హెడ్డుకూ మధ్య వేసే పల్చటి సీలు. రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, ఆయిల్ చెక్ చేసే పుల్ల మీద మజ్జిగ రంగు కనిపిస్తే ఇక ఇంటి పని కాదు. ఒకే వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే బాగా హీటెక్కిన ఇంజన్‌లో అల్యూమినియం హెడ్డు వంకర పోయి గ్యాస్కెట్ చిరుగుతుంది. లేత్ షాపులో హెడ్డు చదును చేయించకుండా గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే మళ్లీ అదే కథ.

ఇక దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం వెళ్లే దారి. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఎక్కేటప్పుడు, డ్యాం దగ్గర దిగి సున్నిపెంట వైపు మళ్లీ ఎక్కేటప్పుడు మొదటి బండి కష్టం, రెండో బండి కష్టం రెండూ ఒకేసారి వస్తాయి. ఇంజన్ గట్టిగా లాగాలి, వేగం మాత్రం సైకిలంత. అక్కడ ఏసీ ఆపమనడంలో అర్థముంది. ఏసీ ఇంజన్ మీద బరువు వేయడమే కాక, దాని కండెన్సర్ తన వేడిని నేరుగా రేడియేటర్ ముఖాన కొడుతుంది. హీటర్ ఉన్న బండిలో దాన్ని ఫుల్లుగా వేస్తే అది ఇంకో చిన్న రేడియేటర్‌లా పనిచేస్తుంది. లోపల కూర్చున్న వాళ్లకు నరకమే, ఇంజన్‌కు మాత్రం ఊపిరి.

ముల్లును పూర్తిగా నమ్మలేని సందర్భం ఒకటుంది. వేడి కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. నీళ్లు బాగా తగ్గిపోతే అది ఖాళీలో ఉండి, ఇంజన్ మండిపోతున్నా ముల్లు కిందికి దిగొచ్చు. హీటెక్కిన బండి ముల్లు ఉన్నట్టుండి చల్లబడినట్టు చూపిస్తే అది సంతోషించాల్సిన విషయం కాదు.

పసుపు, పౌడరు, నిమ్మ ఉప్పు

రేడియేటర్ కారుతుంటే పసుపు వేయడం మనకు తెలిసిన చిట్కానే. అది నిజంగా పనిచేస్తుంది. సన్నటి పొడి నీళ్లతో తిరుగుతూ చిల్లు దగ్గర చేరి మూసేస్తుంది. షాపుల్లో అమ్మే లీకు పౌడర్లలో చాలావాటి సూత్రం కూడా అదే. చిక్కేమిటంటే ఆ పొడికి చిల్లు ఏదో, సన్నగా మిగిలిన గొట్టం ఏదో తెలియదు. సగం పూడిన రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగుతుంది, మిగిలిన దారీ మూసుకుంటుంది. ఇంటికి చేరడానికి వేసి, చేరగానే కడిగించేస్తే దాని వల్ల మేలే.

నిమ్మ ఉప్పుతో సున్నం కరిగించడం గురించి కూడా రెండు మాటలున్నాయి. అది సున్నాన్ని కరిగిస్తుందన్నది నిజం. ఎక్కువసేపు ఉంచితే అల్యూమినియాన్నీ అతుకులనూ తింటుందన్నది కూడా నిజమే. బాత్రూం కడిగే యాసిడ్ అయితే ఇంకా దారుణంగా తింటుంది. పాత రేడియేటర్‌లో ఇంకో సంగతి ఎదురవుతుంది. కొన్ని చోట్ల చిల్లును ఆపి ఉంచింది ఆ సున్నమే. శుభ్రం చేసిన మర్నాడు మూడు చోట్ల కారితే కడిగిన వాడిని తిట్టి లాభం లేదు.

కింద చుక్క లేదు, పైన నీళ్లు లేవు

మా బండి రెండేళ్లు రోజుకు అర లీటరు తాగింది. పైన వేసిన లెక్క దానిదే. ఇంటి ముందు బండల మీద ఒక్క చుక్క కనపడేది కాదు, అందుకే లీకు లేదనే నమ్మాం. ఒక మెకానిక్ వాల్వ్ తీసేశాడు, ఇంకొకరు రేడియేటర్ మార్చాలన్నారు. ఆ ఎండాకాలం మన్ననూరు ఘాట్ మీద బండి పొంగింది.

చివరికి దొరికిన చోటు వాటర్ బాడీ. పంపు ఇరుసు దగ్గర సీలు అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి రావాలని దాని కిందివైపు చిన్న రంధ్రం పెడతారు. బండి నడుస్తూ వేడిగా ఉన్నప్పుడే అందులోంచి చెమ్మ వస్తుంది, వేడి ఇనుము మీదే ఆవిరైపోతుంది. నేల దాకా చేరదు. కనిపించేదల్లా ఆ రంధ్రం కింద ఎండిన తెల్లటి చార. మన బోరు నీళ్ల సున్నమే ఆ చారను అంత తెల్లగా గీసి చూపించింది. టార్చి, చిన్న అద్దం పట్టుకుని పది నిమిషాలు వంగి చూస్తే కనిపించే గుర్తు అది, రెండేళ్లు మేం చూడలేదు.

పంపు, కింది హోస్ పైపు, మూత షెడ్డులో మార్పించాం. గిన్నెలో కాచి చూసిన వాల్వ్‌ను మళ్లీ బిగించారు. రేడియేటర్ రాగిది కాబట్టి తోడించి అదే వేశాం. పక్క డబ్బా మీద నీళ్లున్న చోట మార్కర్‌తో గీత గీసి తేదీ రాశాను. ఈ మే చివరకు నీళ్లు ఆ గీతకు అంగుళం కూడా దిగలేదు.